ఏ స్వరానికి ఎంత బలం?

యానాం నుంచి పుదుచ్చేరికి చదువుకోడానికి వచ్చే పిల్లలు ఏటా ఉంటారు. ప్రభుత్వం ఒకటే అయినా ఊళ్ళ మధ్య దూరం సుమారు 800 కిలోమీటర్లు. అలా వచ్చి లాస్‌పేటలో గది తీసుకున్న ఓ కుర్రాణ్ణి అనుకుందాం. ఒళ్ళో లాప్‌టాప్, బల్ల మీద రెండు ఆక్టేవ్‌ల చిన్న కీబోర్డు, చెవులకు హెడ్‌ఫోన్స్. మోహనంలో ఒక ట్యూన్ కట్టాడు. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు, పియానో శాంపుల్ కూడా మంచిదే. రూమ్మేట్ మాత్రం విని, "బాగుందిరా, కానీ రింగ్‌టోన్‌లా ఉంది" అన్నాడు. మనవాడు ఆ రాత్రంతా కొత్త ప్లగిన్ల కోసం వెతికాడు. రివర్బ్ పెంచాడు, ఈక్యూ మార్చాడు. తెల్లారేసరికి ఖరీదైన రింగ్‌టోన్ తయారైంది.

జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట. పియానో రోల్ కింద వెలాసిటీ గీతలు ఉంటాయి. అక్కడ ఒక్కసారి చూస్తే సంగతి తెలిసిపోయేది. నోట్లన్నిటికీ ఒకే ఎత్తు, అన్నీ 100. మౌస్‌తో నోట్లు గీసినప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు తమంతట తాము పెట్టే అంకె అది. ఎక్కం అప్పజెప్పే పిల్లవాడు ప్రతి మాటనూ ఒకే ఒత్తుతో అంటాడే, ఈ ట్యూనూ అలాగే వినిపిస్తుంది. అన్నీ సరైనవే, కానీ ఏదీ మనతో చెప్పినట్టు ఉండదు.

ఈ అధ్యాయం పూర్తయ్యేసరికి మీరు మూడు పనులు చేయగలగాలి. ఏ స్వరం ముఖ్యమో మౌస్ ముట్టుకోకముందే నిర్ణయించుకోవడం, ఆ నిర్ణయాన్ని అంకెల్లో పెట్టడం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. మొదటిది వస్తే మిగతా రెండూ వేళ్ళకు అలవాటయ్యే పనులే.

1 నుంచి 127 దాకా

వెలాసిటీ కొలిచేది మీట దిగిన వేగాన్ని. మామూలు కీబోర్డులో ప్రతి మీట కింద కాస్త ఎత్తు తేడాతో రెండు స్విచ్‌లు ఉంటాయి. మీట దిగేటప్పుడు ఒకటి ముందు తగులుతుంది, రెండోది తర్వాత. ఆ రెంటి మధ్య గడిచిన కాలాన్ని బట్టి కీబోర్డు ఒక అంకె ఇస్తుంది. వ్యవధి తక్కువైతే పెద్ద అంకె, ఎక్కువైతే చిన్న అంకె. సున్నా అంటే నోట్ ఆపమని లెక్క. కాబట్టి వినిపించే మెట్లు 1 నుంచి 127 దాకా.

ఈ అంకెలు మిడి అనే భాషలోవి. ఎలక్ట్రానిక్ వాద్యాలు, కంప్యూటర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి అది. మిడి పుట్టింది 1980ల మొదట్లో. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ అధిపతి ఇకుతారో కకేహషి దీనికి ముఖ్య కారకులు. 1983 జనవరిలో నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చూపించారు. తమాషా ఏమిటంటే, మీట వేగాన్ని పసిగట్టే ఏర్పాటు ఆ రెంటిలోనూ లేదు. అలాంటి కీబోర్డులు నడిమధ్య అంకె 64 పంపాలని మిడి నిబంధనల్లోనే రాశారు. మీట ఎలా నొక్కారో తెలియనప్పుడు యంత్రం నడిమధ్య నిలబడుతుందన్నమాట. మనం మౌస్‌తో గీసినప్పుడు జరిగేదీ అదే. అంకె 64 బదులు 100 అవుతుంది, అంతే తేడా. 2020లో వచ్చిన మిడి 2.0లో వెలాసిటీకి 65,536 మెట్లు ఇచ్చారు. మెట్లు ఎన్ని పెరిగినా, ఏ స్వరాన్ని ఏ మెట్టు మీద నిలబెట్టాలో చెప్పాల్సింది మనిషే.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 100 దగ్గర నిలబడితే పైకి ఉన్నవి 27 మెట్లే, కిందికి 99. కొత్తవాళ్ళు ఒక స్వరం తేలాలంటే దాన్ని 120కి లాగుతారు. అప్పుడు పక్కది వెనకబడినట్టు అనిపిస్తుంది, దాన్నీ పెంచుతారు. కాసేపటికి అన్నీ కప్పుకి తగులుకుంటాయి. చుట్టూ ఉన్నవాటిని 70కి దించితే అసలు స్వరం 92 దగ్గరే తేలిపోతుంది. బలం చూపడానికి చోటంతా కిందనే ఉంది.

వాద్యం మారితే లెక్క మారుతుంది

వెలాసిటీ అనే ఆలోచనకు మూలం పియానో. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్ నగరంలో క్రిస్తోఫోరి పియానో తయారుచేసేదాకా ఐరోపాలో వాడుకలో ఉన్న హార్ప్సికార్డ్ తీగను గోటితో మీటినట్టు మీటేది. వేలు ఎంత గట్టిగా పడినా శబ్దంలో తేడా దాదాపు ఉండేది కాదు. పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది. వేలి బలం సుత్తికి, సుత్తి బలం తీగకు చేరుతుంది. అందుకే పియానో శాంపుల్‌లో వెలాసిటీ మార్చితే శబ్దం పెరగడం తగ్గడమే కాదు, దాని రంగే మారుతుంది. మెల్లగా కొట్టినవి, మధ్యరకంగా కొట్టినవి, గట్టిగా కొట్టినవి విడివిడిగా రికార్డు చేసి పొరలుగా పేర్చి ఉంటాయి. ట్రాక్ వాల్యూమ్ పెంచితే మెత్తని దెబ్బ పెద్దగా వినిపిస్తుందే తప్ప గట్టి దెబ్బ కాదు. ఈ తేడా పట్టుకోండి.

ఆర్గన్‌కి ఈ లెక్క చెల్లదు. పుదుచ్చేరి అరవిందాశ్రమాన్ని నడిపిన మదర్ అక్కడ ఆర్గన్ వాయించేవారు. ఆ బాటలోనే సునీల్ భట్టాచార్య ఆశ్రమం నూతన సంవత్సర సంగీతాన్నీ, అరవిందుల 'సావిత్రి' కావ్యానికి సంగీతాన్నీ కూర్చారు. ఆర్గన్ మీటను మెల్లగా నొక్కినా బలంగా నొక్కినా వచ్చే ధ్వని ఒకటే. పెంచాలంటే కాలి కింద పెడల్ ఉంటుంది. మన హార్మోనియం కూడా అంతే, బలం తిత్తి లాగే చేతిలో ఉంది. కాబట్టి ఆర్గన్, హార్మోనియం ట్రాకుల్లో వెలాసిటీ గీతలతో గంటలు గడపకండి. అక్కడ మీకు కావలసింది ఎక్స్‌ప్రెషన్, అంటే మిడిలో 11వ కంట్రోలర్. వేణువుకీ వయొలిన్‌కీ వెలాసిటీ చాలావరకు స్వరం ఎత్తుకోవడం వరకే. ఆ తర్వాత ఊపిరినీ కమానునూ నడిపేది ఎక్స్‌ప్రెషనే.

వీణ సంగతి ఇంకో రకం. ఒక్క మీటుకి మూడు నాలుగు స్వరాలు పలికించడం వైణికులకు మామూలు. మీరు ఆ నాలుగింటినీ నాలుగు నోట్లుగా గీసి నాలుగింటికీ బలం ఇస్తే అది వీణ కాదు, మాండొలిన్‌కీ గిటార్‌కీ మధ్య ఏదో అవుతుంది. మీటు పడిన స్వరానికి వెలాసిటీ ఇచ్చి, మిగతా స్వరాలను పిచ్ బెండ్‌తో జార్చండి.

తాళవాద్యాల్లో వెలాసిటీయే ప్రాణం. పుదుచ్చేరి గుళ్ళలో, పెళ్ళిళ్ళలో నాదస్వరం పక్కన తవిల్ చూడండి. మన వైపు సన్నాయి పక్కన డోలు లాంటిదే. ఒక చేతిలో కర్ర, రెండో చేతి వేళ్ళకు గట్టి తొడుగులు. కర్ర దెబ్బ, వేళ్ళ దెబ్బ ఒక్కలా వినిపించవు. రెండు చేతులకూ రెండు వెలాసిటీ ప్రపంచాలు. కర్ర వైపు నోట్లను ఒక వరసలో, వేళ్ళ వైపు నోట్లను మరో వరసలో పెట్టుకుని విడివిడిగా సవరించండి. రెంటినీ కలిపి ఎంచుకుని ఒకేసారి పెంచితే, తగ్గిస్తే తవిల్ డబ్బా మోతగా మారుతుంది.

ముందు నోటితో, తర్వాత మౌస్‌తో

ఏ స్వరానికి ఎంత ఇవ్వాలో తెర చూస్తే తెలియదు. నోటితో పాడితే తెలుస్తుంది. ట్యూన్‌ను మాటలతో పాడండి. మాటలు ఇంకా రాకపోతే డమ్మీ మాటలైనా పెట్టుకోండి. తాళవాద్యమైతే జతులు చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మీకు తెలియకుండానే కొన్ని అక్షరాలను ఒత్తి, కొన్నింటిని మింగి ఉంటారు. ఒత్తినచోట పెన్సిల్‌తో గీత, మింగినచోట చుక్క. మీ వెలాసిటీ పటం అదే.

తెలుగు పాటకు ఇంకో ఆసరా ఛందస్సు. గురువు అంటే నిడివే గానీ బలం కాదు. అయినా ద్విత్వాక్షరం ముందున్న అక్షరం పాటలో ఊనినట్టు వినిపిస్తుంది. 'అమ్మ' అని పాడి చూడండి, 'అ' మీద బరువు పడుతుంది. యతి స్థానంలో చెవి ఒక పోలిక కోసం ఎదురు చూస్తుంది, అక్కడ నాలుగైదు మెట్లు పెంచినా చాలు. గాయకుడు వచ్చి పాడేటప్పుడు మీ కీబోర్డు అతని మాటతో కలిసి ఊపిరి తీసుకుంటుంది.

తాళం సంగతికొస్తే, ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. ఒకటో అక్షరం, అయిదో అక్షరం, ఏడో అక్షరం దెబ్బలు. రెండు, మూడు, నాలుగు వేళ్ళ లెక్కలు. ఆరు, ఎనిమిది విసుర్లు. చెయ్యి చెబుతున్న ఈ క్రమమే మృదంగం ట్రాక్‌కి మొదటి నమూనా. 100, 62, 68, 60, 86, 58, 80, 66 అని పెట్టి వినండి. జానపదం బాణీలో తకిట తకిట అని నడిచే తిశ్రగతి అయితే మూడింటిలో మొదటిది బలం, రెండోది బాగా తక్కువ, మూడోది మధ్యరకం. ఒక్క హెచ్చరిక. దేశాది తాళంలో పాట సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, దాటాక ఎత్తుకుంటుంది. అలాంటిచోట సమం మీద బలమైన దెబ్బ వేసి, ఎత్తుగడను మెత్తగా వదిలేస్తే పాట కుంటుతుంది.

ఒక వరస చేసి చూద్దాం

లాస్‌పేట కుర్రాడి ట్యూన్‌లోంచి ఒక వరస తీసుకుందాం. అక్షరానికి ఒక స్వరం చొప్పున గ ప ద స, ద ప గ రి, ఆ పైన సమం మీద మధ్య షడ్జం. నాలుగోది పైషడ్జం. అన్నీ 100 మీద ఉన్నాయి.

మొదటి పని, ఈ వరస ఎక్కడికి వెళ్తోందని అడగడం. పైషడ్జానికి. దానికి 96 ఇద్దాం. రెండో పని, ఎక్కడ వాలుతోందని అడగడం. చివరి షడ్జం మీద. దానికి 82. ఇక మిగతావి దారిలోవి. ఎక్కేటప్పుడు గ 72, ప 76, ద 84. దిగేటప్పుడు ద 70, ప 74, గ 64, రి 56.

దిగేచోట పంచమం ధైవతం కంటే ఎక్కువ ఎందుకుందని మీకు అనుమానం రావాలి. మెట్టు మెట్టుకీ సమంగా దించుకుంటూ పోతే అది గీసిన గీతలా వినిపిస్తుంది. మనిషి దిగేటప్పుడు ఒకచోట కాస్త నిలబడతాడు. పంచమం నిలబడడానికి అనువైన స్వరం కాబట్టి అక్కడ ఆపాం. మీరు గాంధారం దగ్గర నిలబడినా తప్పులేదు. ఎందుకు నిలబడ్డారో చెప్పగలిగితే చాలు.

ఇంకో సంగతి. శిఖరం నాలుగో అక్షరం మీద పడింది. తాళంలో అది వేలి లెక్క, బలహీనమైన చోటు. అయిదో అక్షరం దెబ్బ, అక్కడ ట్యూన్ దిగుతోంది. ట్యూన్‌కీ తాళానికీ ఇలా పేచీ వచ్చినప్పుడు రెండు ట్రాకులనూ ఒకే దారికి తేవద్దు. మృదంగం తన నాలుగో అక్షరాన్ని 60 దగ్గరే, అయిదోదాన్ని 86 దగ్గరే ఉంచుకోనివ్వండి. పియానో తన షడ్జాన్ని 96తో పలకనివ్వండి. రెండూ ఒకేచోట గట్టిగా పడితే పాటంతా సుత్తి దెబ్బలవుతుంది. ఒకటి ఒదిగినచోట రెండోది లేస్తేనే పాట నడుస్తుంది.

తెర మీద పని

ఏబుల్‌టన్ లైవ్‌లో విండోస్ అయితే ఆల్ట్, మ్యాక్ అయితే కమాండ్ మీట పట్టుకుని నోట్‌ను పైకీ కిందికీ లాగితే వెలాసిటీ మారుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో, రీపర్‌లో, క్యూబేస్‌లో నోట్ల కింద గీతల వరస ఉంటుంది, మౌస్‌తో గీసుకోవచ్చు. లాజిక్ ప్రోలో నోట్ రంగే బలం చెబుతుంది. తక్కువైతే ఊదా, ఎక్కువైతే ఎరుపు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈ వరస పాటించండి.

ఒకటి: అన్ని నోట్లనూ ఎంచుకుని ఒక్కసారిగా 70కి దించండి. ఇక పైకి లేపే ప్రతి స్వరం మీరు కావాలని లేపిందే అవుతుంది.

రెండు: శిఖరం, వాలే చోటు, ఈ రెంటినీ లేపండి. విని చూసుకోండి.

మూడు: దారిలోని స్వరాలను సర్దండి. వెంటవెంటనే వచ్చే ఒకే స్వరానికి ఎప్పుడూ ఒకే అంకె ఇవ్వకండి. డ్రమ్ముల్లో గబగబా పడే దెబ్బలు ఒకే అంకె మీద ఉంటే వచ్చే రొదను ప్రోగ్రామర్లు మెషిన్‌గన్ అంటారు. అది ఇక్కడే పుడుతుంది.

నాలుగు: వరస మొత్తం నచ్చి, ఎత్తు మాత్రమే తక్కువైతే అన్నిటినీ కలిపి ఎంచుకుని ఒకే నిష్పత్తిలో పెంచండి. అప్పుడు స్వరాల మధ్య బంధుత్వం చెడదు.

అయిదు: పొరల హద్దులు తెలుసుకోండి. కొత్త శాంపుల్ తెరవగానే ఒకే స్వరాన్ని 10, 20, 30 అంటూ 120 దాకా వరసగా వినండి. ఎక్కడో ఒకచోట శబ్దం ఉన్నట్టుండి రంగు మారుతుంది. అది పొర మారే చోటు. మెత్తని వరస మధ్యలో ఒక్క స్వరం ఆ హద్దు దాటితే అదే వేలెత్తి చూపినట్టు వినిపిస్తుంది.

పని చేసేటప్పుడు వీలైతే కాసేపు ఫ్యాన్ ఆపండి. పుదుచ్చేరి ఉక్కలో ఇది కష్టమే, తెలుసు. కానీ ఫ్యాన్ హోరులో చిన్న అంకెల స్వరాలు మునిగిపోతాయి. వినబడక మీరు వాటిని పెంచేస్తారు.

రాండమ్ బటన్ మోసం

అంకెలను అటూ ఇటూ చెదరగొట్టే బటన్ దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. పేరు రాండమ్ అనో హ్యూమనైజ్ అనో ఉంటుంది. ఒక నిర్ణయం తీసుకున్నాక మూడు నాలుగు మెట్ల మేరకు వాడితే మేలే చేస్తుంది. నిర్ణయం తీసుకోకుండా వాడితే బలం పడకూడని చోట పడుతుంది. మంచి వాద్యకారుడి చేతిలో తేడాలు ఉంటాయి, కానీ అవి పాచికలు వేస్తే వచ్చినవి కావు. ప్రతిదాని వెనకా ఒక కారణం ఉంటుంది. రాండమ్ బటన్‌కు ఆ కారణం తెలియదు.

కంప్రెసర్ విషయంలోనూ జాగ్రత్త. గంటసేపు సర్దిన ఎత్తుపల్లాలను మాస్టర్ మీద వేసిన గట్టి కంప్రెసర్ నిమిషంలో చదును చేసేస్తుంది. దాన్ని వెయ్యకముందు, వేశాక, రెండుసార్లూ విని తేల్చుకోండి.

చెవికి సాధన

పుదుచ్చేరిలో ఉన్నవాళ్ళకు సాధనకు కావలసినదంతా దగ్గరలోనే ఉంది. మాసి మగం పండుగ రోజున వైత్తికుప్పం తీరానికి ఊరేగి వచ్చే దేవుళ్ళ ముందు మేళాలు వినండి. జూన్ 21న ఫెత్ ద లా మ్యూజిక్ అనే సంగీత ఉత్సవం జరిగితే వెళ్ళి, ఒక్క డ్రమ్మర్ కుడిచేతినే చూడండి. అరియాంకుప్పంలోని భారతియార్ పల్కలైక్కూడంలో విద్యార్థుల కచేరీ ఉంటే మృదంగం దగ్గరగా కూర్చోండి. ఎక్కడికి వెళ్ళినా ఒకే ప్రశ్న వేసుకోండి. ఇప్పుడు ఎవరు తగ్గారు? ఎవరు పెంచారన్నది ఎవరికైనా వినిపిస్తుంది. తగ్గినవాళ్ళను గుర్తుపట్టడమే అసలు సాధన.

ఇంట్లో చేయాల్సింది రోజుకు అరగంట. పది నిమిషాలు నోటితో పాడి పటం గీయండి. పదిహేను నిమిషాలు అంకెలు సర్దండి. చివరి అయిదు నిమిషాలు తెర వైపు చూడకుండా వినండి. అరగంట కాగానే ఆపేయండి. చెవి అలసిపోయాక చేసే మార్పులన్నీ పెంచేవే అవుతాయి. మర్నాడు పొద్దున విని, మొదటిసారి ఎక్కడ చెవి నొచ్చుకుందో అక్కడ మాత్రమే చెయ్యి పెట్టండి.

కొత్తవాళ్ళు తగ్గించడానికి భయపడతారు. తగ్గిస్తే తమ కష్టం ఎవరికీ వినిపించదేమోనని అనుమానం. కాబట్టి పెట్టిన ప్రతి స్వరాన్నీ చూపించాలనుకుంటారు. నేర్చుకోవలసింది అంకెల కంటే ముందు ఈ భయాన్ని దాటడం. చరణంలో ముఖ్యమైనవి మూడే స్వరాలని ఒప్పుకోగలిగినవాడు మిగతావాటిని ప్రేమతోనే వెనక్కి జరుపుతాడు. ఒప్పుకోలేనివాడు ఎన్ని ప్లగిన్లు కొన్నా అన్నిటినీ 100 దగ్గరే ఉంచుతాడు.

ఇవాళే మీ పాత ట్రాక్ ఒకటి తెరవండి. చరణంలో మూడు స్వరాలు ఎంచుకుని వాటిని ముట్టుకోకండి. మిగతావన్నీ 20 మెట్లు దించి వినండి. పాట మెరుగైతే మీకు ఇన్నాళ్ళూ కావలసింది కొత్త ప్లగిన్ కాదు, నిర్ణయమేనని తేలిపోతుంది. మెరుగుపడకపోతే ఆ మూడూ సరైన స్వరాలు కావు. పాడుకుంటూ మళ్ళీ ఎంచండి.